పత్తికొట్టులో రైలుగేటు

పోయిన నెల మేరి వచ్చి వెళ్ళినప్పటి నుంచి మా పత్తికొట్టు వాసన నన్ను వదలడం లేదు. ఆ గదిలో పత్తి నిలవచేయడం నేను పుట్టకముందే మానేశారట. అయినా గింజల నూనె వాసన గోడల్లోకి ఇంకిపోయి ఉండేది. దాని మీద సోల్డర్ పొగ, తడి ప్లాస్టర్, బంక, చిన్నాయన తలకు పెట్టుకునే నువ్వుల నూనె, అన్నీ కలిసి ఒకే వాసన అయ్యేది. కాలేజీ నుంచి వచ్చి వాకిట్లో చెప్పులు విడుస్తుండగానే, ఆ పూట చిన్నాయన కొండ పోస్తున్నాడో, ఇంజిన్ విప్పుతున్నాడో వాసన పట్టి చెప్పగలిగేదాన్ని. డెబ్బై దాటిన ఈ వయసులో ఆ గది గురించి రాయాలని కూర్చున్నాను గాని, నిజానికి నేను రాయాల్సింది గది గురించి కాదు. ఆ గదిలో ఉన్న మనిషికీ, ఆ గదిలోకి రాలేకపోయిన ఇంకొక మనిషికీ నేను చేసినదాని గురించి. ఇన్నేళ్ళలో ఎన్నో రాశాను. ఇది మాత్రం పక్కన పెడుతూ వచ్చాను.

మా నాయనకు ఒక్కడే తమ్ముడు, మేము చిన్నాయన అనేవాళ్ళం. తరాల కిందట తమిళ దేశానికి వచ్చి స్థిరపడిన మా తెలుగు కుటుంబానికి ఊళ్ళో ఒక నూలు మిల్లులో భాగం ఉండేది. నాయన ఆఫీసు గదిలో కూర్చునేవాడు. చిన్నాయనకు ఆ కుర్చీ పడేది కాదు. ఖాకీ నిక్కరు వేసుకుని ఫిట్టర్లతో పాటు మిషన్ల కింద దూరేవాడు. ఒకరోజు పైన తిరిగే షాఫ్టుకు బెల్టు సరిచేస్తూ నిచ్చెన మీది నుంచి పడ్డాడు. మధుర ఆసుపత్రిలో మూడు నెలలు ఉండి ఇంటికి వచ్చేసరికి నడుము కింద స్పర్శ లేదు. అప్పటికి ఆయనకు ముప్ఫై రెండేళ్ళు, పెళ్ళి మాటలు నడుస్తున్నాయి. ఆ మాటలు ఎవరూ చెప్పకుండానే ఆగిపోయాయి. మిల్లు వర్క్‌షాపులో సైకిల్ చక్రాలతో ఒక కుర్చీ చేసి పంపారు. ఆ కుర్చీలో ఇల్లంతా తిరిగేవాడు గాని వాకిలి దాటేవాడు కాదు. “నలుగురు నన్ను మూట మాదిరి ఎత్తి కారులో పెట్టేది చూసేదానికి వీధి వీధంతా బయటికి వస్తుంది” అన్నాడు ఒకసారి. ఆ తర్వాత ఇంట్లో ఎవరూ ఆయన్ని బయటికి పోదాం రమ్మని అడగలేదు.

మా ఇంట్లో గడియారం కన్నా రైలు మాటే ఎక్కువ చెల్లేది. తెల్లవారి సెంగోట వైపు నుంచి వచ్చే బండి కూత వినబడితే అమ్మ పాలు పొయ్యి మీద పెట్టేది. అవ్వ వెండి చెంబు పట్టుకుని పెరట్లో తులసి దగ్గరికి పోయేది. పదకొండు గంటల బండికి నాయన సద్ది మిల్లుకు పంపేవాళ్ళు. సాయంత్రం బండి వచ్చి పోయాక మా తెల్ల కుక్కను కట్టు విప్పి వాకిట్లోకి వదిలేవాళ్ళు. అది వేటజాతి కుక్క, ఇంటివాళ్ళ మాట తప్ప ఇంకెవరి మాటా వినేది కాదు. చిన్నాయన ప్రతి కూతకూ చేతి గడియారం చూసుకుని, “ఏడు నిమిషాలు లేటు” అనేవాడు, ఎవరూ అడగకపోయినా. ఆయనకు చిన్నప్పటి నుంచీ రైలు పిచ్చి. కాళ్ళు పోయిన రెండో ఏడు ఒకరోజు పత్తికొట్టు తాళం తీయించి, కుర్చీ మధ్యలోకి తోయించుకుని, గోడ నుంచి గోడకు చూసి, “ఇక్కడ మన స్టేషన్ కడతాను” అన్నాడు. అవ్వ కళ్ళొత్తుకుంది. మతి కూడా పోయిందేమోనని ఆమె భయం.

మతి పోలేదు. ఆయన కుర్చీకి సరిపోయే ఎత్తులో, పాత పత్తి బేళ్ళ పలకలతో గది మూడు వైపులా బల్ల కట్టించాడు. నిజమైన అడుగు ఆ బల్ల మీద మూడున్నర మిల్లీమీటర్లు. ఈ లెక్క ఒక ఇంగ్లీషు పత్రికలో చూసి పట్టుకున్నాడు. మీటరుగేజి కాబట్టి రెండు పట్టాల మధ్య పదకొండున్నర మిల్లీమీటర్లు రావాలి. అంత వెడల్పుకే ఒక ఇనుప ముక్కను ఆకురాయితో అరగదీసి, దాన్ని పట్టాల మధ్య జరుపుకుంటూ పోయేవాడు. ఎక్కడ బిగిస్తే అక్కడ మళ్ళీ ఊడదీసేవాడు. స్లీపర్లకు శివకాశి నుంచి మందు అంటించని అగ్గిపుల్లలు బస్తాతో తెప్పించాడు. ఒక పుల్లను సగానికి కోస్తే సరిగ్గా ఒక స్లీపర్. వాటిని కాఫీ డికాషన్‌లో, సిరాలో నానబెట్టి ఒక్కొక్కటి వేరే రంగు వచ్చేలా చేసి, వేల పుల్లలు వరసగా అంటించాడు. పట్టాలకు కంకర కావాలంటే క్వారీ రాతిపొడిని అమ్మ పిండి జల్లెడతో జల్లించాడు. అమ్మ ఆ జల్లెడను మళ్ళీ వంటింట్లోకి రానివ్వలేదు. ఆ పొడిని పట్టాల మధ్య చిన్న కుంచెతో సర్ది, నీళ్ళు కలిపిన బంకను ఇంకు ఫిల్లర్‌తో బొట్టు బొట్టుగా వదిలేవాడు. మర్నాటికి అది గట్టిపడి, వేలితో తడిమితే నిజం రాళ్ళ లాగే గరుకుగా ఉండేది.

వెనకవైపు కొండలు కావాలి. నలిపిన న్యూస్‌పేపర్ ఉండల మీద, సత్రపట్టి మగ్గాల నుంచి తెచ్చిన కట్టుగుడ్డను ప్లాస్టర్‌లో ముంచి కప్పేవాడు. ఆసుపత్రిలో తన నడుముకు చుట్టిన గుడ్డ కూడా అదేనని నవ్వుతూ చెప్పేవాడు. ఆ నవ్వు నాకు నచ్చేది కాదు. టెలిగ్రాఫు తీగలకు మిల్లులో తీసే అన్నిటికన్నా సన్న నూలును మైనం పట్టించి నల్లచేశాడు. కొబ్బరి పీచు చిక్కు తీసి, ఆకుపచ్చ రంగు పొట్టు చల్లితే చెట్లు. ఇత్తడి గొట్టంతో ఇంజిన్, దాని కడుపులో బొమ్మ మోటారు, బల్ల కింద పాత కారు బ్యాటరీ. అన్నీ అయ్యాక అసలు పని మొదలయ్యేది. మెరిసే ప్రతిదాన్నీ పాడుచేయడం. ఎర్రమన్ను, దీపపు మసి, పలచని సున్నం నీళ్ళు పట్టుకుని గంటలు గంటలు కూర్చునేవాడు. స్టేషన్ గోడ కింద వాన చిమ్మిన బురద మరక, నీళ్ళ పంపు చుట్టూ పాచి, బోగీ తలుపు దగ్గర చేతులు పట్టి పట్టి నల్లబడిన చోటు.

“కొత్తగా కనబడితే అది అబద్ధం పాపా,” అనేవాడు. “ఎండ పడింది, వాన పడింది, మనిషి చెయ్యి పడింది అని తెలియాల. ఇంకొకటి, కంటితో చూడంది ఇక్కడ పెట్టకూడదు.” స్టేషన్‌కూ గేటుకూ మధ్య దూరాన్ని మాత్రం గదిలో పట్టడం లేదని కుదించాడు. తను ఒప్పుకున్న అబద్ధం అది ఒక్కటేనని వచ్చిన ప్రతివాళ్ళకూ చెప్పుకునేవాడు.

ఆ గేటు సత్రపట్టి పోయే దోవలో, ఊరు దాటగానే ఉండేది. గేటు కీపరు ప్రకాశం. మన మాటే మాట్లాడే క్రైస్తవ కుటుంబం, వాళ్ళ తాతలు మా తాతల పొలాల్లో పనిచేసినవాళ్ళే. చిన్నాయన నడిచే రోజుల్లో మిల్లు నుంచి నేరుగా సైకిల్ మీద ఆ గేటు దగ్గరికి పోయి, సాయంత్రం బండి పోయేదాకా ప్రకాశం పక్కన ఒకే బెంచీ మీద కూర్చునేవాడు. ఇద్దరిదీ ఒకే ఈడు. ఆ బెంచీ సంగతి అవ్వకు తెలిసి ఇంట్లో ఒక వారం గొడవ జరిగింది, చిన్నాయన మాత్రం పోవడం మానలేదు. మానాల్సి వచ్చింది పడిపోయిన తర్వాతే. అందుకని స్టేషన్ ముగించి గేటు దగ్గరికి వచ్చేసరికి ఆయన పనిలో ఒక ఆత్రం కనిపించేది. తనకు గుర్తున్నది చాలడం లేదు. కంచెకు ఎన్ని తీగలు, గేటు గది కిటికీకి ఎన్ని కడ్డీలు, తలుపు ఎంత ఎత్తు, అన్నీ కొలిచి రాసుకురావడానికి కాళ్ళు కావాలి. ఆ కాళ్ళు నేనని ఆయనే నిర్ణయించాడు. నాకు పదిహేడేళ్ళు, పి.యు.సి. చదువుతున్నాను. ప్రతి శనివారం కాలేజీ బస్సు దిగి, టేపూ గళ్ళ నోటుపుస్తకమూ పట్టుకుని గేటు దాకా నడిచేదాన్ని.

మొదటి రెండు నెలలు నిజంగానే పోయాను. ప్రకాశం సన్నగా, పొడుగ్గా ఉండేవాడు. జెండా పట్టుకుని నిలబడితే ఎడమ చెయ్యి నడుము మీద, తల కుడి భుజం వైపు కొంచెం వంగి, పట్టాల సద్దు చెవితో పట్టేవాడిలా ఉండేవాడు. నన్ను చూడగానే టేపు రెండో కొస తనే పట్టుకుని, చిన్నాయన గురించి అడిగేవాడు.

“రాజు ఎట్ల ఉండాడు పాపా? కూడు బాగా తింటా ఉండాడా?”

“ఆ, బాగుండాడు.”

“ఈ కడ్డీ కిందిపక్క పెయింటు లేసిపోయి తుప్పు పట్టింది సూడు. అదీ రాసుకో. రాజు కంట్లో అది పడకుండా పోదు.”

ఆయన భార్య శొంఠితో కాచి బెల్లం వేసిన సుక్కు కాఫీ తెచ్చి ఇచ్చేది. నేను కడుపు బాగాలేదని చెప్పేదాన్ని. ప్రతి శనివారమూ నా కడుపు బాగుండేది కాదు. ఆమె గ్లాసు వెనక్కి తీసుకుపోయేది. వాకిట్లో ఏడెనిమిదేళ్ళ కూతురు మేరి నా జడ రిబ్బను వైపు చూస్తూ కూర్చునేది. ఇంటికి పోయి నేను చెప్పిన ప్రతి మాటా చిన్నాయన మళ్ళీ మళ్ళీ చెప్పించుకునేవాడు. “కూడు తింటా ఉన్నానా అని అడిగినాడా?” అని మురిసిపోయేవాడు.

ఒక శనివారం నేను పట్టాల పక్కన వంగి స్లీపరు వెడల్పు కొలుస్తుంటే గేటు వేసి ఉంది, అవతల ఒక బస్సు ఆగి ఉంది. కిటికీలో మా క్లాసు కస్తూరి, ఇంకో నలుగురు. సోమవారం నుంచి కాలేజీలో నా పేరు ‘గేట్‌కీపర్ పొండాటి’ అయింది. గేటువాడి పెళ్ళాం అని. పదిహేడేళ్ళ పిల్ల ఆ మాటకు ఎంత ఏడుస్తుందో అంతా ఏడ్చాను. ఇంట్లో చెప్పుకోలేను, చెబితే అవ్వ చదువే మానిపిస్తుంది. పోనని చిన్నాయనతో ఒక్క మాట అని ఉంటే ఆయన అర్థం చేసుకునేవాడని ఇప్పుడు తెలుసు. అప్పుడు మాత్రం సులువైన దారి పట్టాను. ఆ తర్వాతి శనివారం గేటుకు పోకుండా, నన్ను ఏడిపించిన ఆ కస్తూరి ఇంటికే పోయి కూర్చుని, రేడియోలో పాటలు విని, వేళకు ఇంటికి వచ్చాను. కంచెకు ఎన్ని తీగలని చిన్నాయన అడిగాడు. “అయిదు” అన్నాను. నోటుపుస్తకంలో కొలతలు కూడా నేనే కల్పించి రాసుకొచ్చాను.

అబద్ధం అంత తేలిగ్గా చెల్లిపోతుందని నేను అనుకోలేదు. ఆయన నన్ను నమ్మడానికి అసలు కష్టపడలేదు. అయిదు తీగలంటే అయిదు తీగలు కట్టాడు. తర్వాత వారం గేటు గది రంగు అడిగితే పాత రంగే అన్నాను. ఇంటి పక్కన కొత్తగా ఏమన్నా వేశారా అంటే లేదన్నాను. కస్తూరి ఇంటి నుంచి వచ్చేటప్పుడు వీధి మూల మట్టిలో చెప్పులు రుద్దుకుని, పావడా అంచుకు కొంచెం దుమ్ము పట్టించుకుని లోపలికి వచ్చేదాన్ని. నిజంలా కనబడాలంటే ఏం చేయాలో ఆయన దగ్గరే నేర్చుకున్నాను కదా. అన్నిటికన్నా పాపం, ప్రకాశం మాటలు కూడా నేనే తయారుచేయడం మొదలుపెట్టాను. “జ్వరం వచ్చి తగ్గిందట”, “నిన్ను తలుచుకున్నాడు చిన్నాయనా.” నా నోట్లోంచి వచ్చిన ఆ మాటలు వింటూ ఆయన ఆకురాయి కింద పెట్టి నవ్వేవాడు.

ఆరు నెలల్లో గేటు పూర్తయింది. చివరగా రాగి తీగ మీద సోల్డరు బొట్లు పోసి, సూదితో గీకి, రెండు సెంటీమీటర్ల మనిషిని చేశాడు. ఎడమ చెయ్యి నడుము మీద, తల కుడివైపు వంగి, చేతిలో పచ్చ జెండా. కొలతలూ కబుర్లూ అబద్ధమైనా ఆ మనిషి మాత్రం చిన్నాయన సొంత జ్ఞాపకంలోంచి వచ్చాడు. వాడు మాత్రం నిజం. దాన్ని గేటు పక్కన నిలబెట్టి, నన్ను పిలిచి చెప్పాడు:

“ఈ శనివారం పోయి ప్రకాశానికి చెప్పు. ఆదివారం చర్చి అయినాక నేరుగా మనింటికి రమ్మను. ముందు వాకిట్లో నుంచే రావాల. మొదటి బండి ఈ గేటు దాటించేది వాడే.”

“అవ్వ ఒప్పుకుంటుందా?”

“ఒప్పుకునింది.”

ఎలా ఒప్పించాడో తర్వాత అమ్మ చెప్పింది. రెండు రోజులు అన్నం ముట్టలేదట. నేను ఆ శనివారం కూడా కస్తూరి ఇంట్లోనే ఉన్నాను. ఆరు నెలలు కనబడకుండా ఉండి ఇప్పుడు ఏ ముఖం పెట్టుకుని పోవడం అనిపించింది. పోతే ప్రకాశం, “ఇన్నాళ్ళు రాలేదేంటికి పాపా” అంటాడు. ఆ మాట ఆదివారం చిన్నాయన ముందు కూడా అంటాడు. ఇంటికి వచ్చి, “వస్తానన్నాడు” అని చెప్పాను.

ఆదివారం చిన్నాయన గడ్డం గీయించుకుని, తెల్ల చొక్కా తొడుక్కుని, పడిన తర్వాత మొదటిసారి కుర్చీని ముందు వాకిలి గడప దాకా తోయించుకున్నాడు. అమ్మ మురుకులు చేసింది. పదకొండు గంటల బండి పోయింది, ఆయన గడియారం చూసుకున్నాడు గాని ఎన్ని నిమిషాలు లేటో చెప్పలేదు. మధ్యాహ్నం దాకా అక్కడే ఉన్నాడు. వీధిలో పోయేవాళ్ళు చూస్తున్నా లోపలికి పోలేదు. నేను మెల్లగా, “లీవు దొరికి ఉండదు” అన్నాను. “ఆ, డ్యూటీ గదా” అన్నాడు. వచ్చే వారం మళ్ళీ పిలవమన్నాడు. వచ్చే వారమూ అంతే. అదే చొక్కా, అదే గడప.

ఆ తర్వాత బుధవారం మధ్యాహ్నం ప్రకాశం తనంతట తనే వచ్చాడు. కాలేజీకి సెలవు, నేను వాకిట్లో కూర్చుని చదువుకుంటున్నాను. ఆ పూట తోడుగా విప్పి ఉంచుకున్న కుక్క ఎగిరి మొరిగితే మెడపట్టీ పట్టుకుని చూశాను. ఖాకీ చొక్కా ఉతికి వేసుకుని, టోపీ చేతిలో పెట్టుకుని ప్రకాశం మా ఇంటి గేటు బయట నిలబడి ఉన్నాడు.

“ఏం పాపా, నువ్వు రానే లేదే. ఒంట్లో బాగుండావా?” అన్నాడు. “నాకు మార్చినారు. సెంగోట అవతల ఒక గేటుకు. రేపు పొద్దున పోతా ఉండాము. రాజును ఒక్క తూరి సూసి సెప్పి పోదామని వచ్చినాను.”

ఆయన లోపలికి అడుగు పెడితే చిన్నాయన అడిగే మొదటి మాటే నన్ను పట్టిస్తుంది. రెండు ఆదివారాలు ఎందుకు రాలేదని అడుగుతాడు. ‘నన్ను ఎవరు పిలిచినారు రాజా’ అంటాడు ఈయన. నేను కుక్క పట్టీ వదలకుండా లేచి నిలబడ్డాను.

“చిన్నాయన నిద్రపోతా ఉండాడు,” అన్నాను. “ఎవరినీ చూడడం లేదు.”

ప్రకాశం నా ముఖం వైపు చూశాడు. తర్వాత పత్తికొట్టు కిటికీ వైపు చూశాడు. “సరి పాపా,” అన్నాడు. “నేను వచ్చినానని సెప్పు. పోయి వస్తానన్నానని సెప్పు.” టోపీ పెట్టుకుని వెళ్ళిపోయాడు. నేను చెప్పలేదు. చెప్పకపోగా, ఆ శనివారం చిన్నాయన మళ్ళీ పిలవమంటే, ఇంక ఈ పిలుపులు ఆగాలని, ఒక్కసారిగా అంతా ముగించేశాను. “వాళ్ళకు ట్రాన్స్‌ఫర్ అయిందంట చిన్నాయనా. అయినా ఆయన రానన్నాడు. పెద్దోళ్ళ ఇంటికి మాకేంటికి అన్నాడు.”

చిన్నాయన నన్ను కాదు, బల్లను చూశాడు. “అట్లనే అన్నాడా?” అని ఒక్కసారే అడిగాడు. ఆ తర్వాత ఆయన గేటు మూల మీద చెయ్యి వేయలేదు. స్టేషన్ వైపే పనిచేస్తూ, బండిని గేటుకు ముందే ఆపి వెనక్కి తిప్పేవాడు. మూడేళ్ళ తర్వాత కిడ్నీలు చెడి మంచాన పడ్డప్పుడు, నేను పక్కన కూర్చుని విసురుతుంటే, ఏ సందర్భమూ లేకుండా, “నేను వాడికి ఏం తప్పు చేసినానో పాపా,” అన్నాడు. అప్పుడన్నా చెప్పవచ్చు. విసనకర్ర ఆడిస్తూనే ఉన్నాను. వారం తిరగకుండా పోయాడు.

ఆ గేటు ఇప్పుడు లేదు. పట్టాలు బ్రాడ్‌గేజి అయ్యాయి, రోడ్డు మీద వంతెన వచ్చింది. సత్రపట్టి పోయే బళ్ళు రైలుకు పైనుంచే పోతాయి, కింద బండి పోయిందో లేదో పైవాళ్ళకు పట్టదు. గేటు వేసి ఉన్నంతసేపు ఎడ్లబళ్ళవాళ్ళూ బస్సువాళ్ళూ దిగి మాట్లాడుకోవడం మా ఊరి పిల్లలు చూడలేదు. ఈ కాలంలో అయితే నా అబద్ధం ఒక్క శనివారం కూడా నిలిచేది కాదు. చిన్నాయన ఫోను తీసి ప్రకాశం ముఖం నేరుగా చూసి ఉండేవాడు. అలా అనుకుని మనసుకు సర్దిచెప్పుకోబోతాను గాని, కాలం మీద నెట్టేంత ధైర్యం నాకు లేదు. నేను ఈ కాలంలో పుట్టి ఉంటే ఈ కాలానికి తగిన అబద్ధమే వెతుక్కుని ఉండేదాన్ని. పత్తికొట్టుకు చెదలు పట్టాక, రెండేళ్ళ కింద ఆ బల్లను ముక్కలుగా విప్పించి మా వీధి చివరి స్కూలుకు ఇచ్చాను. వాళ్ళు ఒక గది కేటాయించి, పిల్లలకు చూపిస్తున్నారు. గోడకు ఒక అట్ట. దాని మీద చిన్నాయన పేరు, అళగర్ రాజా అని. పాత స్టేషన్ ఎట్లా ఉండేదో ఉన్నది ఉన్నట్టు చూపించేది ఇది ఒక్కటేనని రాశారు. ఒక తమిళ పేపర్లో ఫోటో కూడా వచ్చింది.

ఆ ఫోటో చూసి మేరి వచ్చింది. మధుర నుంచి ఎవరో వచ్చారు, మీతో మాట్లాడాలంటున్నారు అని హెడ్‌మిస్ట్రెస్ ఫోన్ చేస్తే పోయాను. అరవై దాటిన మనిషి, నర్సుగా పనిచేసి రిటైరయిందట, భుజాన బ్యాగు. మొదట తమిళంలో మొదలుపెట్టి, నేను ఎవరో తెలియగానే మన మాటలోకి వచ్చేసింది. “మా నాయన నిలబడేది ఇట్లనే,” అంది గేటు దగ్గర వంగి. “పేపర్లో సూసి నాకు ఒళ్ళు జలదరించింది. రాజు మమ్మల్ని మరిచిపోలే.” కాసేపు చూసి మళ్ళీ అంది: “మునగచెట్టు యాడ? మేము పోయే ముందు ఏడు అమ్మ నాటింది, ఇంటికన్నా ఎత్తు ఉండె. గోడకు నీలం సున్నం వేసి ఉంటిమి. కంచెకు ఏడు తీగలు, నేను వాటి మీదే లెక్కలు నేర్సుకున్యాను. రాజుకు ఇదంతా ఎవురు సెప్పినారో, సరిగ్గా సెప్పలే.”

“నేనే చెప్పినాను,” అన్నాను. నిలబడలేక పిల్లల బెంచీ మీద కూర్చుని, మొదటి నుంచి చెప్పాను. బస్సు కిటికీ, కస్తూరి ఇల్లు, రెండు ఆదివారాలు, ఆ బుధవారం, చివరి అబద్ధం. నేను ఆపాక, తనూ ఆ బుధవారం వచ్చానని మేరి చెప్పింది.

“కుక్క ఉందని నాయన నన్ను గోడ పక్కన, పత్తికొట్టు కిటికీ కింద నిలబెట్టినాడు. రాజు నిద్రపోతా ఉండాడని మీరు సెప్పింది నాకు వినబడె. లోపల రైలు తిరిగే సద్దూ వినబడె.” ఆమె గొంతు మామూలుగానే ఉంది. “దోవలో నేను అడిగినాను, నాయనా, రాజు మేలుకోనే ఉండాడు గదా అని. ‘రైలు పోయేటప్పుడు గేటు కాడ నేను ఎవురితోనన్నా మాట్లాడతానా? రాజూ అంతే’ అన్యాడు. అన్యాడు గాని, ఆ దినం నుంచి సచ్చేదాకా ఆ పేరు ఎత్తలే.”

“ఎందుకు సేసినారు?” అంది.

“ఆయన లోపలికి వస్తే నా అబద్ధం బయటపడుతుందని.”

“అంతేనా?”

“అంతే.”

“మేము ఏమేమో అనుకున్యాము,” అంది మేరి. “కులం అనుకున్యాము. కాళ్ళు పోయినాక రాజు మనసు మారింది అనుకున్యాము. అమ్మ అయితే, నేను ఇచ్చిన కాఫీలో ఏమన్నా దోసం ఉండెనో అని ఏడ్సింది. ఇదంతా ఒక పిల్ల గేటు కాడికి రానందుకేనని తెలియకుండానే నాయన సచ్చిపోవాలనా?” అందులో కులం లేదని ఆమెకు చెప్పలేకపోయాను. కస్తూరి వాళ్ళు పెట్టిన ఆ పేరుకు నేను అంత ఏడ్చింది ఊరికే కాదు. గ్లాసు తిరిగి ఇచ్చిన ఆ శనివారాలూ ఊరికే కాదు. అదీ చెప్పాను. ఆమె తల ఊపింది, ముందే తెలిసిన సంగతికి ఊపినట్టు.

ఆ బొమ్మను తీసుకుపొమ్మన్నాను. వద్దంది. గోడ మీది అట్ట దగ్గరికి పోయి చదివి, “రాజు పేరు ఉండాది. మా నాయన పేరు లేదే” అంది. హెడ్‌మిస్ట్రెస్‌ను అడిగి ఒక అట్ట తెప్పించి, అక్కడే కూర్చుని రాశాను. గేటు దగ్గర నిలబడినవారు ప్రకాశం అని, మొదటి కొలతలు ఆయన టేపు పట్టుకుంటేనే వచ్చాయని, తర్వాతి కొలతలు తప్పని, తప్పు నాదని. మేరి కళ్ళద్దాలు పెట్టుకుని చదివింది.

“ఆయన్ను లోపలికి రానియ్యలేదని కూడా రాయండి.”

“చోటు లేదు మేరీ.”

“పెద్ద అట్ట పెట్టండి.”

పిల్లల చార్టు ఒకటి తెచ్చి మళ్ళీ మొదటి నుంచి రాశాను. దీన్ని చూడటానికి ఆయన మా ఇంటికి వచ్చిన రోజు నేను వాకిట్లోనే ఆపి పంపించేశానని రాసి, కింద నా పేరు పెట్టాను. మేరి ఒక మాట మీద వేలు పెట్టింది. “సూసేదానికి కాదు. గేటు ముగిసిందని, దాని పక్కన తన బొమ్మ ఉండాదని ఆయనకు తెలియదు. సెప్పి పోయేదానికి వచ్చినాడు.” ఆ మాట కొట్టేసి, పైన సరిదిద్ది రాశాను. ఇంకోసారి చదివి, “ఇప్పుడు సరి” అంది. క్షమించానని ఆమె అనలేదు, నేనూ అడగలేదు. బస్టాండు దాకా వస్తానంటే వద్దని చెప్పి, బ్యాగు భుజానికి ఎగదోసుకుని, మిట్టమధ్యాహ్నం ఎండలో ఒక్కతే నడుచుకుంటూ పోయింది.